మార్సలీ మెక్‌గ్రెగర్ అని రాయండి

నిషేధం ఎత్తేశారని లామంట్ పాస్టరు చదివి వినిపించిన ఆదివారం చర్చిలో సగం మంది తలలు వంచుకున్నారు. మార్సలీ మాత్రం ఫక్కున నవ్వింది. ఆ నవ్వుకు పక్కనున్న ఆడవాళ్ళు జరిగి కూర్చున్నారు.

ఇకనుంచి మెక్‌గ్రెగర్ అన్న ఇంటిపేరు పెట్టుకోవచ్చట! గ్రెగర్ కొడుకులం, గ్రెగర్ సంతతివాళ్ళం అని చెప్పుకునే ఆ పేరును నూట డెబ్బై ఏళ్ళ కిందట, ఏదో తగువులో రక్తం పారిందని, స్కాట్లండ్ రాజు బతకనివ్వలేదు. పేరు చెప్పుకుంటే ఉరి. నలుగురికి మించి ఒకచోట చేరకూడదు. మాంసం కోసుకునే మొనలేని చాకు తప్ప చేతిలో ఆయుధం ఉండకూడదు. దాంతో ఎవరు ఏ దొర భూమి దున్నితే ఆ దొర పేరు తగిలించుకున్నారు. మార్సలీ తండ్రి డ్రమ్మండ్ అయ్యాడు, పెద్దనాన్న మర్రే అయ్యాడు, చిన్నాన్న కాంప్‌బెల్ అయ్యాడు. ఒకే తల్లి కడుపున పుట్టిన ముగ్గురు!

"మనం రాజుల వంశం" అని తండ్రి ఆమె చెవిలో చెప్పేవాడు. రాజుల వంశమో గొర్రెల దొంగల వంశమో మార్సలీకి అక్కర్లేదు. తన పేరును గుసగుసగా ఎందుకు చెప్పుకోవాలన్నదే ఆమె మంట.

నిషేధం పోవడానికి ఎన్నో ఏళ్ళ ముందే ఆ మంట మీద నూనె పోసింది, అమెరికాలో ఫ్రెంచివాళ్ళతో జరిగిన యుద్ధం. మొగుడు పారిక్, కాగితాల మీద పాట్రిక్ డ్రమ్మండ్, రాజుగారి సైన్యంలో చేరి ఓడెక్కాడు. మరుసటి శీతకాలం ఉత్తరం వచ్చింది. పాట్రిక్ డ్రమ్మండ్ చనిపోయాడు, అంతే. ఆ దళంలో ఈ లోయనుంచి వెళ్ళిన పాట్రిక్ డ్రమ్మండ్‌లు ముగ్గురు, ముగ్గురూ నిజానికి గ్రెగర్లే. ఎవరి మొగుడు పోయాడో తెలియక ముగ్గురు ఆడవాళ్ళు ఏడాదిపాటు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడవాలంటే భయం, ఏడవకపోతే పాపం. పక్కింటామె మొగుడే పోయి ఉండాలని తాను దేవుణ్ణి వేడుకున్న రోజులున్నాయి. అందుకు మార్సలీ తననూ క్షమించుకోలేదు, ఆ డ్రమ్మండ్ పేరునూ క్షమించలేదు. చివరికి ఇద్దరు తిరిగొచ్చారు. పారిక్ రాలేదు.

నిషేధం పోయిన ఏడాదే కొడుకు ఆలస్టర్‌కు మగపిల్లాడు పుట్టాడు. తాత పేరే పెట్టారు. బాప్తిస్మం నాడు బడిపంతులు రిచీ పుట్టుకలు రాసే చర్చి పుస్తకం తెరిచి, రాసింది పైకి చదివాడు. "పాట్రిక్, ఆలస్టర్ డ్రమ్మండ్ కుమారుడు..."

"అబద్ధం!" అంటూ మార్సలీ లేచి నిలబడింది. "దేవుడి ఇంట్లో అబద్ధం రాస్తావా పంతులూ? కొట్టెయ్ దాన్ని!"

"అమ్మా, కూర్చో" అన్నాడు ఆలస్టర్ పళ్ళు బిగించి. "పొలం కౌలు పట్టా డ్రమ్మండ్ పేరు మీద ఉంది. పేరు మారిస్తే దొరగారి గుమాస్తా కొత్త పట్టా రాయాలంటాడు. ఎవడికి రాస్తాడో నీకు తెలుసా?"

"తెలుసురా. మీ నాన్నను చంపినవాళ్ళకు నువ్వు భయపడతావనీ తెలుసు."

"నీకు కావల్సింది పేరు. నాకు కావల్సింది వీడికింత జావ."

"జావ నేను తాగించలేదట్రా నీకు? గాలి తాగి పెరిగావా?"

పాస్టరు వద్దంటున్నా ఆమె గొంతు తగ్గలేదు. పసివాడు గుక్కపట్టి ఏడ్చాడు. కోడలు ఊనా మాత్రం నేలచూపులు చూస్తూ నిలబడింది.

ప్రార్థన చెడగొట్టినందుకు చర్చి పెద్దలు గురువారం నాడు విచారణకు పిలిచారు. బల్ల వెనక పాస్టరు, ముగ్గురు పెద్దలు, కలం పట్టుకుని రిచీ.

"మార్సలీ డ్రమ్మండ్!" అని పిలిచాడు పాస్టరు.

మార్సలీ వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. "పాపం, ఆవిడింకా రాలేదల్లే ఉందండీ."

"నిన్నే పిలిచేది!"

"నేను మెక్‌గ్రెగర్‌నండీ. చట్టం చదివింది తమరే కదా. మరిచిపోయారా?"

పాస్టరు మొహం ఎర్రబడింది. మరో రెండుసార్లు అదే పేరు పిలిచాడు. ఆమె రాయిలా కూర్చుంది. రిచీ గొంతు సవరించుకున్నాడు. "అయ్యగారూ, పేరుకు పలకని మనిషి మీద తప్పెలా రాయనండీ? రేపు ఆ తప్పు నాది కాదు, ఆ డ్రమ్మండ్ ఎవరో ఆమెదంటుంది."

"అంటాను" అంది మార్సలీ.

పెద్దల్లో ఒకాయన మీసం చాటున నవ్వాడు. ఆయన తల్లి కూడా గ్రెగరే. పాస్టరు విసురుగా చెయ్యి ఊపాడు. "రాసి తగలెయ్!"

మార్సలీ మెక్‌గ్రెగర్ అని రిచీ రాశాడు. మార్సలీకి చదువు రాదు. బల్ల దగ్గరికి వెళ్ళి, ఏ గీతలు తన పేరో చూపించమంది. అతను చూపిస్తే తడి ఆరని సిరా మీద వేలు పెట్టింది. పక్కనే ఆమె నేరం రాసి ఉంది, శిక్ష రాసి ఉంది. మూడు ఆదివారాలు అందరి ముందూ పశ్చాత్తాపం పీట మీద కూర్చోవాలి. ఆమె గడ్డం ఎత్తుకుని కూర్చుంది. పశ్చాత్తాపం మాట అటుంచి, ఎదుట కూర్చున్న ఒక్కొక్క డ్రమ్మండ్‌నూ ఒక్కొక్క మర్రేనూ కళ్ళలో కళ్ళు పెట్టి చూసింది. వాళ్ళే చూపులు తిప్పుకున్నారు. ఆ నెలలో ఇద్దరు వచ్చి రిచీ చేత తమ పేర్లు మార్పించుకున్నారు. మిగతావాళ్ళు మార్పించుకోలేదు.

ఆలస్టర్ కూడా మారలేదు. పట్టా గడువు తీరినప్పుడు డ్రమ్మండ్ పేరు పక్కనే తన గుర్తు గీసి వచ్చాడు. ఆనాటినుంచి మార్సలీ అదే ఇంట్లో విడిగా వండుకుంది. కొడుకుతో ఏదైనా చెప్పాలంటే ఆవుతో చెప్పేది, అతను వినేవాడు.

రెండేళ్ళకు ఊనాకు ఆడపిల్ల పుట్టింది. ఆలస్టర్ పశువులు తోలుకుని సంతకు పోయిన వారం చూసి, ఊనా పిల్లను ఎత్తుకుని చర్చికి వెళ్ళొచ్చింది. "మెక్‌గ్రెగర్ అని రాయించాను అత్తా" అంది గుమ్మంలో నిలబడి.

మార్సలీ మొహం వెలగలేదు. "ఆడపిల్లకా? దీని పేరు మీద ఎవడు పట్టా రాస్తాడని! ఖర్చులేని చోట ధైర్యం చేశావు."

ఊనా పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి అత్తకు ఎదురు చెప్పింది. "నీ పేరు మీద మాత్రం ఎవరు రాశారు? అయినా ఆ పేరు నువ్వు మోసుకొచ్చావుగా."

మార్సలీ చేతులు చాచి పిల్లను అందుకుంది. సంతనుంచి వచ్చిన ఆలస్టర్ విషయం విని అరిచాడు, తరవాత ఊరుకున్నాడు. తల్లీకొడుకులు మళ్ళీ ఒక పొయ్యి మీద వండుకోనేలేదు. ఆ పిల్ల పుట్టాక ఆరో శీతకాలం దగ్గుతో మార్సలీ పోయింది. క్షమించమని అతను అడగలేదు, ఆమె క్షమించనూ లేదు.