మెహరాజ్ టీచర్ భర్త

గవర్నర్‌పేటలో ఒక బట్టల హోల్‌సేల్ షాపు పైన కరిముల్లా స్పోకెన్ ఇంగ్లీష్ ఇన్‌స్టిట్యూట్ నడిపేవాడు. ఎం.ఏ. ఇంగ్లీష్ చదివినవాడు. షాపుల్లో పనిచేసే సేల్స్‌మెన్లు, ఉద్యోగాల వేటలో ఉన్న డిగ్రీ కుర్రాళ్ళు, గల్ఫ్ వెళ్ళాలనుకునే డ్రైవర్లు సాయంత్రం పూట ఆ ఇరుకు మెట్లెక్కి వచ్చేవారు. వించిపేటలో అతనుండే సందులో ఎవరికి ఇంగ్లీషుతో పనిపడినా ముందు అతని గుమ్మమే తొక్కేవారు. ఆ మర్యాద అతనికి బాగా అలవాటైపోయింది.

భార్య మెహరాజ్ కొండపల్లిలో ఒక కాన్వెంటులో చిన్న తరగతులకు ఇంగ్లీషు చెప్పేది. రోజూ బస్సులో వెళ్ళివచ్చేది. పెళ్ళయిన కొత్తలో బి.ఇడి. చేస్తానని ఆమె అడిగితే, బడిపంతుళ్ళ చదువు మనకెందుకని అతను నవ్వాడు కానీ అడ్డుపడలేదు. ఆమె ఇంగ్లీషు మాత్రం తన చలవేనని అతని నమ్మకం. చాలావరకు నిజం కూడాను. భోజనాలయ్యాక ఆమెను కూర్చోబెట్టి ఇంగ్లీషు పేపరు చదివించేవాడు. తప్పు పలికితే ఆపి, మళ్ళీ మొదటినుంచి చదవమనేవాడు. పిల్లలు లేని ఆ ఇంట్లో అదొక కాలక్షేపం. అతని తల్లి ఆమినాబీ మంచం మీద వాలి, ఒక్క ముక్క అర్థం కాకపోయినా ముచ్చటగా వింటూ ఉండేది.

తొంభై ఆరు చివర్లో, మాల్దీవుల బడుల్లో ఇంగ్లీషు టీచర్లు కావాలని పేపర్లో పడింది. ఇంటర్వ్యూలు బెజవాడలోనే, గవర్నర్‌పేటలోని ఒక లాడ్జి హాల్లో. కరిముల్లా తనకోసం దరఖాస్తు నింపాడు. పనిలో పనిగా మెహరాజ్ పేరున ఇంకొకటి నింపాడు. ఇద్దరికీ వస్తే ఒకే దీవిలో వేయమని అడగొచ్చు అనుకున్నాడు. తనకు రాకుండా ఆమెకు రావచ్చన్న ఊహ అతనికి కలలో కూడా తట్టలేదు.

ఆ రోజు అతను కొత్త చొక్కా తొడుక్కుని వెళ్ళాడు. బల్ల అవతల కూర్చున్న ఏజెంటు కాగితాలన్నీ తిరగేసి, బి.ఇడి. సర్టిఫికెట్ ఏదని అడిగాడు. తనకు ఎం.ఏ. ఉందని కరిముల్లా చెప్పాడు. చిన్నపిల్లల బడులు కదా సార్, బి.ఇడి. లేనివాళ్ళను అక్కడ తీసుకోరని ఆయన ఎంతో మర్యాదగా చెప్పి కాగితాలు తిరిగి ఇచ్చేశాడు. ఒక్క ఇంగ్లీషు వాక్యమైనా పూర్తిగా మాట్లాడనివ్వలేదు. తర్వాత మెహరాజ్‌ను పిలిచారు. ఆమె చాలాసేపటికి గానీ బయటికి రాలేదు. వచ్చి, జనవరిలో బయలుదేరమన్నారని భయంభయంగా చెప్పింది. వద్దంటే మానేస్తానని కూడా అంది.

వద్దనడానికి అతనికి నోరు రాలేదు. అప్పటికే సందంతా తెలిసిపోయింది. ఎదురైన ప్రతివాడూ, మీరు నేర్పిన ఇంగ్లీషే కదండీ అని అతనికే అభినందనలు చెబుతున్నాడు. అలా రెండు రోజులు అతనికి హాయిగానే గడిచింది. ఆమె సూట్‌కేస్ కొనుక్కుని దానిమీద తన పేరు రాయించుకున్న రోజున మాత్రం అతనికి అన్నం సహించలేదు. బి.ఇడి. లేకపోవడం వల్లే తనకు రాలేదని మనసుకు చెప్పుకున్నాడు. మనసు వినలేదు.

ఆమె ఇంకో ఇద్దరు టీచర్లతో కలిసి తిరువనంతపురం రైలెక్కింది. అక్కడినుంచి విమానం, ఆపైన పడవ. శుక్రవారం శుక్రవారం ఇన్‌స్టిట్యూట్ మెట్ల కింద శివాజీ నడిపే ఎస్.టి.డి. బూత్‌కు ఫోన్ చేసేది. చుట్టూ సముద్రం తప్ప ఏమీ లేదని, కాయగూరల కోసం వారం వారం వచ్చే పడవకు ఎదురుచూడాలని, పిల్లలు బడయ్యాక కూడా ఇంటికొచ్చి పాఠం చెప్పమంటారని ఆమె ఇంగ్లీషులో చెబుతుంటే, ఇటువైపు అతను ఆ మాటల్లో తప్పులు వెతికేవాడు. ఒక్కోసారి ఫోన్లోనే దిద్దేవాడు. ఆమె సరేనండి అని, ఆ వాక్యాన్ని సరిచేసి మళ్ళీ చెప్పేది. బూత్‌లోంచి బయటికి రాగానే మేడమ్ ఎలా ఉన్నారండీ అని శివాజీ అడిగేవాడు. క్లాసులోకి వెళ్తే కుర్రాళ్ళూ అదే అడిగేవారు. సార్ ఎలా ఉన్నారో అడిగేవాడు లేడు.

ఏడాది ఒప్పందం ముగిశాక, మళ్ళీ తీసుకునేదీ లేనిదీ కబురు చేస్తామంటే, సెలవులకు మెహరాజ్ ఇంటికి వచ్చింది. కాస్త నల్లబడింది, కాస్త గొంతు పెరిగింది. మేడమ్ చేత ఒకరోజు మాట్లాడించండి సార్ అని స్టూడెంట్లు వెంటపడితే కరిముల్లా కాదనలేకపోయాడు. ఆ సాయంత్రం గది నిండిపోయింది. అతను వెనక బెంచీలో కూర్చున్నాడు. ఆమె చిన్న చిన్న వాక్యాల్లో తడుముకోకుండా మాట్లాడింది. మొదటిరోజు తన ఉచ్చారణ పిల్లలకు, పిల్లల ఉచ్చారణ తనకు అర్థంకాక అందరూ ఎలా నవ్వుకున్నారో చెబితే గదంతా నవ్వింది. తన క్లాసులో ఇన్నేళ్ళలో అలాంటి నవ్వు అతనెప్పుడూ వినలేదు. ఇంతలో ఆమె "డిస్కస్ అబౌట్" అంది. కరిముల్లా చెయ్యెత్తి నిలబడి, డిస్కస్ తర్వాత అబౌట్ రాదని అందరి ముందూ చెప్పాడు.

మెహరాజ్ ఒక్క క్షణం అతనివైపు చూసి, థాంక్యూ సార్ అంది. కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు కూడా ఆమెకే అని అతనికి తెలిసిపోయింది.

ఆ తర్వాతి వారమే బూత్‌కు మాల్దీవులనుంచి ఫోన్ వచ్చింది. అక్కడి బడి హెడ్మాస్టరు. మెహరాజ్ టీచర్‌ను ఇంకో రెండేళ్ళకు తీసుకుంటున్నామని, ఒప్పుకున్నట్టు చెబితే చాలని అన్నాడు. మీరెవరని అడిగాడు. టీచర్ భర్తనని చెప్పుకోవలసి వచ్చింది కరిముల్లాకు. మరుక్షణం అతని నోటివెంట, మా అమ్మకు ఒంట్లో బాగాలేదు, నా భార్య ఇక రాదు అన్న మాటలు చక్కటి ఇంగ్లీషులో వచ్చేశాయి. ఎక్కడా తడబడలేదు. హెడ్మాస్టరు నొచ్చుకుంటూ ఫోన్ పెట్టేశాడు.

ఇంట్లో ఆ సంగతి చెప్పలేదు. కబురు కోసం మెహరాజ్ రోజూ ఎదురుచూసింది. తనకు తానుగా ఫోన్ చేసి అడిగితే దేబిరించినట్టుంటుందని ఊరుకుంది. రానురాను మాట తగ్గించేసింది. ఒకరోజు బియ్యం ఏరుతూ, నా పాఠం వాళ్ళకు నచ్చలేదేమో కదండీ అని అడిగింది. కరిముల్లా పక్కన కూర్చుని ఓదార్చాడు. ఇక్కడే ఏదో ఒక ఉద్యోగం చూసుకోవచ్చని, మళ్ళీ పేపరు చదవడం మొదలుపెడదామని అన్నాడు. ఆ మాటలంటున్నప్పుడు అతని గుండెలో ఏడాదిగా లేని చల్లదనం. ఆమె మీద నిజంగానే ప్రేమ పొంగుకొచ్చింది. ఆ రోజులు వాళ్ళ కాపురంలో ఎంతో మంచి రోజులని అతననుకున్నాడు.

బయటపెట్టింది శివాజీ. పాపం, అతనికేం తెలుసు? మెహరాజ్ ఏదో కొనడానికి గవర్నర్‌పేట వచ్చి బూత్ ముందు కనబడితే, మీ అత్తగారికి ఎలా ఉందండీ, సార్ ఫోన్లో ఇంగ్లీషులో చెబుతుంటే ఆ మాత్రం అర్థమైంది, మీ ఉద్యోగం పోయిందని బాధపడ్డాను అన్నాడు.

క్లాసు ముగించి కరిముల్లా మెట్లు దిగేసరికి ఆమె బూత్‌లో ఉంది. అద్దం తలుపు సరిగా మూసుకోలేదు. అత్తగారు బాగున్నారని, తన భర్త పొరపాటున చెప్పాడని, తను రావడానికి సిద్ధంగా ఉన్నానని ఆమె ఇంగ్లీషులో చెబుతోంది. ఆ చోటు వేరొకరికి ఇచ్చేశామని, ఇంకా దూరంగా ఉన్న ఒక దీవిలో ఖాళీ ఉందని అవతలినుంచి చెప్పినట్టున్నారు. వస్తానని అంది. అన్ని మాటల్లో అతనికి దిద్దడానికి ఒక్క తప్పు దొరకలేదు.

బయటికి వచ్చి, ఎందుకు చేశారండీ అని అడిగింది.

"నువ్వు లేకపోతే ఇల్లు ఇల్లులా లేదు మెహరాజ్."

"అది కాదు. అబద్ధం ఒకటి చాలు. నిజం చెప్పండి."

కరిముల్లా రోడ్డువైపు చూశాడు. "ఆ ఉద్యోగం నాది," అన్నాడు. "నేను అడిగింది. నా చదువుకు రావలసింది."

"అయితే వాళ్ళతో పోట్లాడండి. నాతో కాదు," అంది ఆమె. "బి.ఇడి. చెయ్యండి. నవ్వకండి ఈసారి," అని ఆటో పిలిచింది.

ఆమె వెళ్ళిపోయింది. చాలాకాలం ఆమినాబీ క్షేమం తప్ప ఇంకేమీ ఫోన్లో అడిగేది కాదు. కరిముల్లా నలభై దాటాక, ఇరవై రెండేళ్ళ పిల్లల మధ్య కూర్చుని బి.ఇడి. చేశాడు. అది చేతికొచ్చేసరికి విదేశాలకు వయసు దాటిపోయింది. కంప్యూటర్ సెంటర్లు వచ్చి ఇన్‌స్టిట్యూట్ కూడా పలచబడితే మూసేసి, పామర్రులో ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా చేరాడు. మెహరాజ్ ప్రతి డిసెంబరులోనూ వచ్చేది. మళ్ళీ మాటలు కలిశాయి. తప్పులు దిద్దడం అతను మానేశాడు. కడుపులో మంట మాత్రం మానలేదు.

రెండువేల నాలుగులో సునామీ వచ్చిన ఆదివారం ఆమె ఇంట్లోనే ఉంది. బందరు తీరం సంగతే చూస్తూ ఉండగా టీవీలో మాల్దీవుల పేరు వినబడింది. ఆమె సెల్ తీసుకుని నంబర్ల మీద నంబర్లు నొక్కింది. ఏదీ కలవలేదు. మూడోరోజు కలిసింది. బడి గోడలు కూలిపోయాయి, పిల్లలు మాత్రం ప్రాణాలతో ఉన్నారని తెలిసింది. అప్పుడు మెహరాజ్ నేలమీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూ ఎవరెవరి పేర్లో అంది. అందులో ఒక్క పేరూ కరిముల్లా ఎరగడు. అంత ఏడవడానికి ఆమెకొక చోటుందని, తనకు అలాంటి చోటు ఎక్కడా లేదని అతనికి ఒళ్ళు మండింది. కూలిపోయిన బడి మీద కూడా అసూయపడుతున్నానని తెలిసి తనంటే తనకే రోత పుట్టింది.

ఆమె కళ్ళు తుడుచుకుని, సెలవులు అయ్యేదాకా ఆగలేనని, జీతం ఇచ్చినా ఇవ్వకపోయినా వెళ్తానని అంది. తడిసిన పుస్తకాలు ఎండబెట్టడానికైనా మనుషులు కావాలి కదా అంది.

"రేపే టికెట్ తీస్తాను," అన్నాడు కరిముల్లా. ఆమె పక్కన నేలమీద కూర్చున్నాడు. "ఆ పిల్లలెవరో చెప్పు. ఒక్కొక్కరి గురించీ చెప్పు."

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. వింటుంటే కష్టంగానే ఉంది అతనికి. లేవకుండా విన్నాడు.