విమానం దాటేదాకా

మా పాటల సారు మొన్న మంగళవారం పొద్దున పోయారు. ఆ కబురు నాకు చెప్పింది మా బాపే. ఫోన్‌లో "బిడ్డా, సారు ఇగ లేడు" అన్నాడు. ఇన్నేళ్ళూ సారుతో పేచీ పడ్డ మనిషి నాకంటే ముందు ఏడ్చాడు.

సారుది కాకినాడ వైపు. కాటేదాన్‌లో ఉద్యోగం, శంషాబాద్‌లో కిరాయి ఇల్లు. సాయంత్రాలు ముందు గదిలో చాప పరిచి మాకు సంగీతం చెప్పేవారు. ఎవరి శ్రుతి కాస్త పక్కకు జరిగినా పంటి కింద రాయి పడ్డట్టు ముఖం పెట్టేవారు. "గొంతు దేవుడి గదమ్మా, చెప్పులతో వెళ్ళకూడదు" అనేవారు.

బాపు మామిడిపల్లిలో వ్యవసాయం చేస్తాడు, శనివారం భజనలో డోలక్ వాయిస్తూ పాడతాడు. శ్రుతితో ఆయనకు పనిలేదు. "ఒక్కడే చక్కగ పాడితే ఏమొస్తది? పక్కోని నోట్లెకు పాట పోవాలె" అంటాడు. చిన్నప్పటి నుంచీ నన్ను స్కూటర్ మీద సారు దగ్గర దింపి, పాఠం అయ్యేదాకా గుమ్మం దగ్గరే కూర్చునేవాడు, మళ్ళీ సారు చెప్పేది నచ్చదు!

నేను కాలేజీలో ఉండగా కొత్త విమానాశ్రయం తెరిచారు. పాఠం మధ్యలో నెత్తిమీద మోత. సారు మొదట కిటికీలు మూసి చూశారు, లాభం లేకపోయింది. ఇక విమానం రాగానే చూపుడువేలు ఎత్తడం మొదలుపెట్టారు. మేం నోరు మూసి, ఆపిన స్వరాన్ని లోపలే పట్టుకోవాలి. వేలు దించగానే అందరం దాని మీదే లేవాలి. ఒక్కరు జారినా మళ్ళీ మొదటికి. గుమ్మంలోంచి బాపు నవ్వేవాడు. "ఆపుడెందుకు సారూ? జర గట్టిగ పాడుండ్రి, విమానమే ఇనిపోతది."

ఒకరోజు సారు కరాఖండిగా చెప్పేశారు. "భజనలో అరిస్తే గొంతు పాడైపోతుందమ్మా. అదో ఇదో తేల్చుకో."

బాపు లేచాడు. "గిట్లంటరేంది సారూ? నా బిడ్డ నా పక్కన పాడొద్దా?"

ఇద్దరూ నా మంచికే అంటున్నారు, ఇద్దరి మీదా ఒళ్ళు మండింది. ఎటు పాడినా రెండోవాళ్ళ మనసు విరుగుతుంది. అసలు పాడటమే మానేశాను. ఇంట్లో కూనిరాగం కూడా తీయలేదు.

ఆ వానాకాలంలో ఒక శనివారం సారు చెప్పకుండా మా ఊరి భజనకొచ్చి వెనక కూర్చున్నారు. అయిపోయాక నా దగ్గరికొచ్చి, "మీ నాన్నగారికి శ్రుతి ఎక్కడా నిలవలేదమ్మా. అయినా లేచి వెళ్ళలేకపోయాను" అన్నారు. "రెండూ పాడుకో. నాకే తెలియలేదు" అన్నారు. నాకు ఏడుపాగలేదు.

వాళ్ళ పేచీ ఆగిందనుకునేరు, అది చాయ్‌తో పాటు సాగుతూనే ఉంది. ఇద్దరిలో ఎవరు గెలిచారా అని చాన్నాళ్ళు చూశాను. ఇప్పుడు గగన్‌పహాడ్ బడిలో పాట నేర్పుతున్నాను. పిల్లలకు మొదట వేలెత్తి ఆపడం చెబుతాను, తర్వాత గొంతెత్తి అరవమంటాను. ఎవరు గెలిచారన్న ప్రశ్న ఎప్పుడు పోయిందో నాకే తెలియదు.

ఈమధ్య సారుకు జబ్బు చేసింది. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక నన్ను పిలిపించి పాడమన్నారు. సగంలో విమానమొచ్చింది. అలవాటుగా ఆగి ఆయన వేలికేసి చూశాను. వేలు దుప్పటి మీదే ఉంది.

"ఆపకమ్మా, పాడు. ఇంక ఆగే తీరిక లేదు నాకు."

పాడాను. నా పాట నాకే వినపడలేదు. సారు కళ్ళు మూసుకుని తల ఊపుతూనే ఉన్నారు.

మంగళవారం ఆయన్ని పడుకోబెట్టిన వాకిట్లో మా ఊరి భజన వాళ్ళు కూర్చున్నారు. డోలక్ బాపుది, పక్కన నేను. పాట అందుకుని సగానికి వచ్చామో లేదో, విమానం. నేను గొంతు పెంచబోయాను. ఎన్నడూ ఆగని బాపు డోలక్ మీంచి చెయ్యి తీసి, చూపుడువేలు ఎత్తాడు.

అందరం ఆగిపోయాం. మోత మా మీంచి దాటి, సన్నగిల్లి, పూర్తిగా పోయింది. బాపు వేలు దించలేకపోతున్నాడు. ఆపిన స్వరాన్ని లోపల పట్టుకుని, సారు ముందు మేమంతా అలాగే కూర్చున్నాం.