రెండో పిలుపు

మల్లేశ్వరి సంగతి అడుగుతున్నావు గదా, చెబుతా విను. చెబుతుంటే నాకు కోపమొస్తాది, మధ్యలో నాలుగు మాటలు జారితే ఏమనుకోబాక.

పూర్తి పేరు నాగమల్లేశ్వరి. మాది వెలిగండ్ల, ఆమెది మా పక్కిల్లే. మొగుడు ఆంజనేయులు బోరు కాడ కరెంటు కొట్టి పోయినాడు. తర్వాత ఆమె గిన్నెల కంపెనీలో చేరింది. ఎవురో ఒకరి ఇంట్లో ఆడోళ్ళను కూడేసి, కంపెనీ పెనం మీద వాళ్ళ ఎదురుగానే వండి, రుచి చూపించి, ఆ పెనాలు అమ్మాల. స్టవ్వూ సంచులూ మోసుకుంటా ఆమె వెంట తిరిగిన పాపమ్మను నేనే.

ఈ పనిలో వంట కన్నా కష్టం, ఆడోళ్ళు అందరూ ఒకే తూరి వచ్చేటట్టు చూడటం. ఒకరొకరే వస్తే, ముందొచ్చినామె కూర ఉడికేలోపల గొర్లు ఇంటికొచ్చే యాళయిందని లేచిపోతాది. ఆమె వెనకాల ఇంకో ఇద్దరు. కంపెనీ మేడం స్టెల్లా మార్కాపురంలో ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు, "టైము వేసి వాట్సాప్‌లో పెట్టండి, గడపలో నిలబడి నవ్వుతా రిసీవ్ చేసుకోండి" అని చెప్పింది. టైము వేస్తే మా పక్క ఎవురొస్తారు? మాకు పొద్దున బొట్టు పెట్టి పిలిస్తే అది మొదటి పిలుపు. దానికి ఊ అంటారు గానీ కదలరు. అన్నీ సిద్ధమైనాక మనిషి మళ్ళా ఇంటింటికీ పోయి "రాండమ్మా" అనాల. అది రెండో పిలుపు. మొదటి పిలుపుకే లేచి పోయినోళ్ళను తిండికి మొగం వాచినోళ్ళని నవ్వుతారు.

మల్లేశ్వరి పట్టుకున్న కిటుకు అదే. మసాలా నూరి, వంకాయలు కోసి నీళ్ళల్లో వేసి, స్టవ్వు ముట్టించినాక అప్పుడు పంపేది రెండో పిలుపు. ఆడోళ్ళు గుంపుగా గడప తొక్కేసరికి లోపల ఆవాలు చిటపటమంటా ఉండేవి, కరివేపాకు వాసన వీధిలోకి కొట్టేది. ఇంక లేచిపోయేదెవురు? వేరే ఊళ్ళల్లో స్టిక్కరు బొట్టు పెట్టుకొని తనే గడపలో నిలబడేది. మొగుడున్నాడా పోయినాడా అని ఆడ ఎవురు అడుగుతారు.

ఈమె వండి చూపించే డెమో అంటే ఇల్లు నిండుతాదనే మాట స్టెల్లా మేడం దాకా పోయింది. "ఈసారి నేనొచ్చి చూస్తా. ఇల్లు నిండితే, వచ్చినోళ్ళను బాగా చూసుకుంటే, మీ మండలాలకు నిన్నే లీడరును చేస్తా" అన్నది. లీడరంటే కనిగిరిలో సెంటరు ఇస్తారు. నేర్చుకునేటోళ్ళు మన కాడికే వస్తారు, ఇంకొకరి గడప తొక్కే పని ఉండదు. "వదినా, ఇది వస్తే నా గుమ్మంలో నేను నిలబడతా. ఊరికొక తూరి బొట్టు పెట్టుకునేదీ తీసేదీ ఉండదు" అన్నది నాతో. ఆ మాట అన్నప్పుడు ఆమె మొగం చూడాల నువ్వు.

డెమోకు ఇల్లు యాడ చూసుకుందంటావు? హనుమంతునిపాడులో, సొంత చెల్లెలు ప్రసన్న ఇల్లు. చెల్లెలు గదా అని నమ్మింది. మేం పోయేసరికే ప్రసన్న ఊళ్ళో అందరికీ బొట్టు పెట్టి వచ్చి ఉంది. వంకాయలు కోసినాం, మసాలా నూరినాం, పెనాలు తుడిచి వరసగా పేర్చినాం. ఇంక మేడం కారు వస్తాదనగా ప్రసన్న అక్కను దొడ్లోకి పిలిచింది.

"అక్కా, మా అత్త ఒప్పుకోలా. ఈ ఊళ్ళో నీ సంగతి అందరికీ ఎరుకే గదా. బొట్టు పెట్టించుకొని వచ్చే ఆడోళ్ళకు గడపలో నువ్వెదురైతే బాగుండదంట. కాసేపు కొట్టంలో కూర్చో. అందరూ కూర్చున్నాక నేనే వచ్చి పిలుస్తా."

నాకు మండింది. "మీ అత్తకు ఈమె నూరిన మసాలా పనికొచ్చిందే, మొగం పనికిరాలేదా?" అన్నా. మల్లేశ్వరి నా చెయ్యి పట్టుకొని "పోనీలే వదినా, పిలుస్తాది గదా" అన్నది. నుదుటి మీద స్టిక్కరు తీసి కొట్టం గుంజకు అంటించింది.

మేకల మధ్యన ఇద్దరం కూర్చున్నాం. ప్రసన్న అత్త ఓబులమ్మ రెండో పిలుపుకు పోయినట్టుంది, కాసేపటికి వీధిలో ఆడోళ్ళ మాటలు గుంపుగా వినపడినాయి. "చూసినావా వదినా, అందరూ ఒకే తూరి వచ్చినారు" అని మల్లేశ్వరి కొంగు సర్దుకొని లేచి నిలబడింది. ఇప్పుడు పిలుస్తాది, ఇప్పుడు పిలుస్తాది అని తలుపు వైపే చూస్తా ఉంది. పిలుపు రాలా. లోపల నూనెలో ఆవాలు పడిన చప్పుడు వచ్చింది.

"నూనె కాగకముందే వేసింది" అన్నది మల్లేశ్వరి. మళ్ళా కూర్చుంది.

నేను లేచినా. లోపలికి పోయి నాలుగు మాటలు అడుగుదామనుకున్నా. "చెల్లెలి కాపురం వదినా, రచ్చ చేయబాక" అని నా కొంగు పట్టుకుంది.

లోపల నవ్వులు, చప్పట్లు. ఆడోళ్ళు పోయినారు, మేడం కారూ పోయింది. అప్పుడు ప్రసన్న రెండు విస్తర్లు పట్టుకొని వచ్చింది.

"మేడం నిన్ను అడిగింది అక్కా. ఒంట్లో బాగలేక పడుకొని ఉందని మా అత్త చెప్పింది. వచ్చినోళ్ళను నేనే చూసుకున్నా గదా, లీడరుగా నన్నే ఉండమన్నది. కాదంటే బాగుండదని ఊరుకున్నా."

"నువ్వు పిలువలేదు గదమ్మా" అన్నది మల్లేశ్వరి. అరవలా, ఏడవలా. నేనైతే నా విస్తరి ఎత్తి మేకల ముందర పెట్టినా. సిగ్గులేని ముండ అనబోయి ఆ మాట నోట్లోనే మింగినా. పక్కన మల్లేశ్వరి ఉంది, ఆ తిట్టు ఎవురికి తగులుతాదో నాకు తెలుసు. స్టిక్కరు ఆ గుంజకే ఉండిపోయింది.

ఇప్పుడు కనిగిరి సెంటరు ప్రసన్నది, మా పక్క డెమోలన్నీ ఆమె చేతి కిందనే. బయట బోర్డు, బోర్డు మీద ఆమె ఫోటో. వచ్చినోళ్ళను గడపలో నిలబడి నవ్వుతా పలకరిస్తాది. వంట మాత్రం ఇప్పటికీ రాదు. మొన్న మల్లేశ్వరికి ఫోను చేసింది. "అక్కా, గిద్దలూరులో పెద్ద డెమో ఉంది. పొద్దున్నే వచ్చి అన్నీ నూరి పెట్టు. ఆడోళ్ళు వచ్చేలోపల ఎల్లిపోదువులే."

"పోబాక" అన్నా నేను. "నిన్ను కొట్టంలో కూర్చోబెట్టిన దానికి మళ్ళా నూరిపెడతావా?"

"పోకపోతే పొయ్యి ఎట్ల వెలుగుతాది వదినా" అన్నది. సంచి తీసుకొని బస్సెక్కింది. మా పక్క ఒక్క పిలుపుకే లేచి పోయిన మనిషిని నేనెప్పుడూ చూడలా. మల్లేశ్వరిని చూసినా.