ఆగని బస్సుకు ఫోటో

తమిళనాడులో, నల్లంపల్లి నుంచి ధర్మపురికి వచ్చే సర్వీసు రోడ్డు మీద, ఒక కాలనీ మలుపు దగ్గర, పొద్దున ఆరుంబావు టౌన్ బస్సు ఆగుతుంది. ఒకప్పుడు ఆగేది కాదు. దాన్ని ఆపించింది నేను. ఒక్క ఫోటోతో ఆపించాను.

ఈ ముక్కను టీ అంగళ్ళలో చెప్పాను, పెళ్ళి పందిళ్ళలో చెప్పాను. ఒకసారి కంటి డాక్టరు దగ్గర చుక్కల మందు వేయించుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు, పక్కన అలాగే కళ్ళు మూసుకున్న పెద్దాయనకు కూడా చెప్పాను. చెప్పిన ప్రతిసారీ బస్సు వేగం కొంచెం పెరిగేది. కిందటిసారైతే నేను రోడ్డుకు అడ్డంగా కూడా నిలబడ్డాను. రాసేటప్పుడు మాత్రం చెయ్యి అంత దూరం పోవడం లేదు. అందుకని జరిగింది జరిగినట్టే చెబుతాను. మధ్యలో ఎక్కడైనా పెంచితే, నాలుగు మాటలు పోకముందే నేనే ఒప్పుకుంటాను.

నేను పత్రికా ఫోటోగ్రాఫర్‌ని. చెన్నై మహానగరంలో ముప్పై ఏళ్ళు పనిచేశాను. సరే, పదకొండు. ఆ పదకొండేళ్ళలోనూ ఎక్కువ భాగం పెద్దవాళ్ళ గేట్ల ముందు నిలబడటమే. కారు వస్తుంది, ఇరవైమంది ఒక్కసారిగా మీద పడతారు, నాకు దొరికేది ఎవరిదో మోచెయ్యి. అక్కడ నేను తీసిన ఫోటోల్లో చెన్నైలోని ముఖ్యమైన మోచేతులన్నీ ఉంటాయి. తరువాత మా పత్రిక నన్ను సొంత జిల్లాకు పంపింది. ఇక్కడ చాలా చోట్ల నాదొక్కటే కెమెరా. ఆ సుఖం చెన్నైలో చచ్చినా దొరకదు. ఇప్పుడు విలేకరులే ఫోనులో తీసి పంపేస్తున్నారు. అయినా సేలంలో మా పత్రిక డెస్కువాళ్ళు నన్ను పూర్తిగా వదలలేదు, పిలిచినప్పుడు పోతాను. పిలవకపోయినా పోతాను.

మాకు ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. మా నాన్న పట్టుబట్టి పలక మీద దిద్దించాడు కాబట్టి ఈ అక్షరాలు వచ్చాయి. ఈ సంగతిలో ముఖ్యమైన మనిషికి తెలుగు మాట్లాడటమే గానీ చదవడం రాదు. ఇంత ధైర్యంగా రాయడానికి అదీ ఒక కారణం.

సోమవారం కలెక్టరాఫీసులో అర్జీల రోజు. కడత్తూరు నుంచి, వత్తల్‌మలై కొండ మీది ఊళ్ళ నుంచి జనం కాగితాలు పట్టుకుని దిగుతారు. లోపలికి పోయేముందు ఆవరణలో మా కెమెరాల ముందు కాసేపు నిలబడతారు. నీళ్ళు రావడం లేదంటే ఖాళీ బిందెలు బోర్లించి పట్టుకోమంటాను. రోడ్డు బాగాలేదంటే తెగిన చెప్పులు ఎత్తి చూపించమంటాను. ఇది మోసం కదా అని మీరు అడగవచ్చు. నీళ్ళు రాని మాట నిజం, బిందె ఖాళీ అన్న మాట నిజం. పట్టుకునే పద్ధతి ఒక్కటే నాది.

ఆ సోమవారం ఏడుగురు ఆడవాళ్ళు వచ్చారు. ఒక కాగితం తప్ప చేతుల్లో ఏమీ లేదు. నేను వాళ్ళను దాటుకుని బిందెలవాళ్ళ వైపు పోతున్నాను. ముందు నిలబడిన మనిషికి నలభై అయిదేళ్ళుంటాయి, చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుని ఉంది. పక్కామెతో తెలుగులో అంది.

"ఈ ముసిలాయప్ప కండ్లకు మనము ఆనము. రోడ్డులో పడి పొర్లాడితే అప్పుడు చూస్తాడేమో."

నేను వెనక్కు తిరిగాను. "పొర్లాడొద్దమ్మా, చీర చెడిపోతుంది."

నాలుక కరుచుకుంటుందనుకున్నాను. కరుచుకోలేదు. "మనవాడే. అయితే ఇంకా బాగా తిట్టొచ్చు," అంది. అంతవరకూ ముసిలాయప్పగా ఉన్న నేను ఆ నిమిషం నుంచి మామనయ్యాను.

వాళ్ళంతా చిత్తాళ్ళు, అంటే ఇళ్ళు కట్టే చోట ఇటుకలూ సిమెంటూ మోసేవాళ్ళు. పొద్దున్నే నాలుగు రోడ్ల కూడలిలో నిలబడితే మేస్త్రీలు వచ్చి ఎంచుకుని తీసుకుపోతారు. ఏడు దాటితే అక్కడ మేస్త్రీ ఉండడు, ఆ రోజుకు పనీ ఉండదు. ఏడులోపల చేర్చగలిగేది ఆ ఆరుంబావు బస్సు ఒక్కటే. అది వాళ్ళ మలుపు దగ్గర ఆగదు.

"మగోళ్ళు నిలుచుంటే నిలపతాడు మామా. వాళ్ళకు టికెట్టు ఉండాది. మాకు ఫ్రీ కదా. చీరలు కనపడితే చాలు, ఇంకా తొక్కి పోతాడు."

"అయితే ఒక మగాన్ని ముందర నిలబెట్టండి."

"పెట్టినాము. మా ఇంటాయన్ని రెండు దినాలు నిలబెట్టినాము, నిలిపినాడు. మూడో దినం ఆయప్ప లేవలేదు. నేనేమన్నా గంగిరెద్దునా, దినమూ తోలకపోయి నిలబెట్టేకి అన్నాడు."

వాళ్ళు తమ ఫోనులో తీసింది కూడా చూపించారు. మసక చీకటి, రెండు లైట్లు, ఒక తిట్టు. అది ఏ బస్సో దేవుడికి కూడా తెలియదు. నేను అన్నం కేరియర్లు బోర్లించి పట్టుకోమని ఒక ఫోటో తీసి పంపాను. ఆ రోజు బిందెలవాళ్ళు గెలిచారు, వీళ్ళ ఫోటో రాలేదు. దాంతో నాకు పౌరుషం వచ్చింది. బస్సు ఆగకుండా పోవడాన్నే తీస్తాను, చేతులు చాపిన ఆడవాళ్ళు, దాటిపోయే బస్సు, వెనుక నెంబరు, అన్నీ ఒకే ఫోటోలో పడతాయి, అది చూశాక డెస్కు ఎట్లా కాదంటుందో చూద్దాం అన్నాను.

మర్నాడు జేబుల కోటు వేసుకుని, పెద్ద లెన్సు తగిలించి, ప్రెస్ అని అంటించిన బండి మీద ఆరుకే చేరాను. బస్సు వచ్చింది. డ్రైవరు నన్ను చూశాడు. పెళ్ళికొడుకు కారు ఆపినంత మెత్తగా ఆపాడు. ఏడుగురూ ఎక్కారు. చొక్కా తొడుక్కున్నామె ఫుట్‌బోర్డు మీద నుంచి, "రేపు కూడా రా మామా," అని అరిచింది.

రెండో రోజు బండి దూరంగా పెట్టి, కోటు విప్పి, కొబ్బరిబోండాల బండి వెనుక దాక్కున్నాను. లెన్సు దాక్కోలేదు. బస్సు ఆగింది. మూడో రోజు ఎదురు వైపు నుంచి ప్రయత్నిస్తే, డ్రైవరు ఆపడమే కాకుండా నాకు చెయ్యి ఊపాడు. నలభై ఏళ్ళలో ఎన్నో తీశాను. పెన్నాగరం అడవిలో మీదికి వచ్చే ఏనుగును పదడుగుల దూరం నుంచి తీశాను. అది మీదికి రాలేదు, నేను అటవీశాఖ జీపులో ఉన్నాను, దూరం కూడా పదడుగులు కాదు. కానీ ఆ ఏనుగైనా కెమెరాను చూసి బుద్ధి మార్చుకోలేదు. ఈ బస్సు మార్చుకుంది.

నాలుగో రోజు కెమెరాను మామూలు సంచిలో పెట్టుకుని టీ అంగడి బెంచీ మీద కూర్చున్నాను. ఏ ఆనవాలూ లేదు, తలకు తువ్వాలు కూడా చుట్టుకున్నాను. బస్సు వచ్చింది. ఆడవాళ్ళు చేతులు చాపారు. బస్సు ఆగకుండా, అచ్చం నాకు కావలసినట్టే, దుమ్ము లేపుకుంటూ వెళ్ళిపోయింది.

నేను తీయలేదు.

ఏడుగురూ నా వైపు తిరిగారు. "పడిందా మామా?"

"బ్యాటరీ చచ్చిపోయింది," అన్నాను.

తిట్టి ఉంటే బాగుండేది. కేరియర్లు పక్కన పెట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. ఇద్దరు షేర్ ఆటో కోసం కొంతసేపు చూసి, టైము చూసుకుని, మళ్ళీ కూర్చున్నారు. ఆ రోజు ఆ ఏడు ఇళ్ళకు కూలి లేదు. కారణం బ్యాటరీ కాదు. వేడి టీ గ్లాసు నా కుడిచేతిలో ఉంది, కింద పెట్టడానికి చోటు వెతుక్కున్నాను. నలభై ఏళ్ళ అనుభవం చోటు వెతుక్కుంటూ ఉండగా బస్సు పోయింది.

ఆమె లేచి నా దగ్గరికి వచ్చింది.

"బ్యాటరీ ఎప్పుడు చచ్చింది మామా?"

"నిన్ననే," అన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు కావాలి కదా.

"అయితే నిన్న చచ్చిన కెమెరాను చూసేనా నిలిపినాడు?"

నేను సంచిలో కెమెరా వైపు చూశాను.

"దాని లోపల జీవం ఉండాదా లేదా అని వానికి యాడ తెలుస్తుంది? మీ ఇంట్లో పనికిరాంది ఏదైనా ఉంటే ఇయ్యి."

ఉంది. ఫిలిం రోజుల నాటిది, షట్టరు పట్టేసి చాలా ఏళ్ళయింది. బరువు మాత్రం తగ్గలేదు. మూరెడు లెన్సు, వెడల్పాటి పట్టీ. ఆ సాయంత్రమే తీసుకుపోయి ఆమె ఇంటి ముందు కూర్చుని దుమ్ము తుడిచి చేతికిచ్చాను. ఇచ్చేటప్పుడు ఉండబట్టలేక, "అమ్మా, బ్యాటరీ బాగానే ఉండింది. నేను టీ తాగతా ఉండినాను," అన్నాను.

"గ్లాసు నాకు కనపడే ఉండింది మామా," అంది. "నువ్వు ఎప్పుడు చెప్తావో చూద్దామని ఉంటిని. పట్టీ కొంచెం పొట్టి చెయ్యి, మెడ లాగతాది."

మర్నాటి నుంచి ఆమె చొక్కా మీద కెమెరా వేలాడదీసుకుని ముందు వరసలో నిలబడింది. బస్సు ఆగింది. ఆ మర్నాడూ ఆగింది. వంతులు వేసుకుని మెడ మార్చుకున్నారు, రోజుకొకరు ప్రెస్. కండక్టరు ఒకసారి అరవంలో, ఏ పత్రికమ్మా, ఏమీ పడినట్టు లేదే అని అడిగాడట. "మాది మాసపత్రిక, అంత తొందర లేదు," అన్నదట ఆమె.

నెలన్నర ఇట్లా నడిచింది. ఒకరోజు మధ్యాహ్నం ఆమె దగ్గర నుంచి ఫోను.

"మామా, చిక్కు వచ్చింది. డ్రైవరు ఫోటో తియ్యమంటా ఉండాడు."

ఆ డ్రైవరు ఈ వారంతో రిటైరు అవుతున్నాడట. ఉద్యోగమంతా బస్సు మీదే గడిచింది, బస్సుతో కలిసి ఒక్క ఫోటో లేదు. దినమూ చూస్తున్నాను కదమ్మా, ఒకటి తీసిపెట్టు అని అడిగాడు. ఆ రోజు మెడలో కెమెరా ఉన్నది ఈమెకే. రేపు మా పెద్దాయన వస్తాడు, ఆయన చెయ్యి మంచిది అని చెప్పి తప్పించుకుంది.

"నిజం చెప్పకూడదా?" అన్నాను.

"నువ్వా, ఈ మాట చెప్పేది?" అంది.

నేను పోయాను. బస్సు ఆగింది, డ్రైవరు దిగాడు. తల దువ్వుకుని, చొక్కా కాలరు సవరించుకుని తలుపు పక్కన నిలబడ్డాడు. ఆడవాళ్ళను కూడా పక్కన నిలబడమని ఆయనే పిలిచాడు. నేను దూరం సరిచూసుకుంటుంటే అడక్కుండానే అరవంలో మొదలుపెట్టాడు.

"ఇది స్టాపు కాదు సార్. లేని చోట ఆపి ఆలస్యమైతే నన్నే అడుగుతారు. టికెట్టు సంగతి కాదు."

నేను బటన్ మీద వేలు పెట్టి ఆగాను.

"టికెట్టు సంగతి కూడా కొంచెం ఉందనుకోండి," అన్నాడు. అప్పుడు ఆయన ముఖంలో నవ్వు వచ్చింది, నొక్కాను. నేను ఈ మధ్య తీసినవాటిలో అంత మంచి నవ్వు లేదు. ఇది పెంచి చెప్పడం కాదు.

డెస్కుకు పంపాను. మూడో రోజు జిల్లా పేజీలో కింద మూల వేశారు. రిటైరవుతున్న డ్రైవరుకు ప్రయాణికుల వీడ్కోలు అని నాలుగు లైన్లు. అందులో ఆ కాలనీ పేరు, దాని పక్కన బస్ స్టాపు అని స్పష్టంగా అచ్చయింది. ఆ మాట తెలివిగా ఇరికించింది నేనేనని చాలామందితో చెప్పాను. నేను రాసింది "నల్లంపల్లి దగ్గర" అని మాత్రమే. కాలనీ పేరు ఫోనులో ఎవరడిగితే చెప్పానో గుర్తు లేదు, స్టాపు అన్నది డెస్కులో ఎవరో కుర్రవాడు బస్సు ఆగి ఉంది కదా అని వేసేసిన మాట.

సోమవారం కొత్త డ్రైవరు వస్తాడని తెలిసింది. ఈయనకు మా కెమెరా భయం తెలియదు, పాత డ్రైవరు మంచితనమూ తెలియదు. ఆదివారం ఆమె ఆ పేపరు ముక్కను లామినేషన్ చేయించింది. సోమవారం పొద్దున నేనూ పోయాను. అర్జీల రోజు కదా, కెమెరా కలెక్టరాఫీసుకు పోవడానికి సిద్ధంగా సంచిలో ఉంది. తీయడానికి మనసు రాలేదు. ఆమె చెయ్యి చాపి నిలబడింది, చేతిలో ఆ అట్ట.

బస్సు మమ్మల్ని దాటింది. పదిహేను గజాలు పోయి ఎర్ర లైట్లు వెలిగాయి, ఆగింది.

"వీనికి బ్రేకు ఊరవతల ఉండాది," అని గొణుగుతూ ఏడుగురూ కేరియర్లు పట్టుకుని పరుగెత్తారు. వెనుక నేనూ పరుగెత్తాను. పరుగెత్తాను అంటే నడిచాను. కండక్టరు ఆ అట్టను అటూ ఇటూ తిప్పి చదివి, డ్రైవరుకు వినపడేట్టు, "స్టాపేనన్నా, పేపరులోనే వేసినారు," అని అరవంలో చెప్పాడు. ఆమె సీటులో కూర్చుని, నన్ను చూపించి ఆయనతో అరవంలోనే అంది.

"ఈ పెద్దాయన మా లెక్కలోకి రాడు. టికెట్టు కొట్టు."

కొట్టించుకున్నాను. సీటు దొరకలేదు, ధర్మపురి దాకా కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. ఏడుగురూ ఏదో పెళ్ళి భోజనం గురించి మాట్లాడుకుంటున్నారు, బస్సు గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. నాలుగు రోడ్ల కూడలిలో దిగాం. మేస్త్రీలు అప్పుడే బండ్లు ఆపుతున్నారు. ఒకాయన ముగ్గురు కావాలన్నాడు. ఆమె ఎంతమంది మేస్త్రీలు, ఎన్నో అంతస్తు, నీళ్ళ వసతి ఉందా అని దబాయించి అడిగి, ఇద్దర్ని వెంటబెట్టుకుని సామాను ఆటో వెనుక ఎక్కి కూర్చుంది. నా వైపు చూడలేదు. ఏడు కావడానికి ఇంకా పది నిమిషాలుంది.