పానీ అన్నందుకు

“అమ్మా, మోటర్ బంద్ కరో, పానీ జా రహా!” అని అరిచింది ఆమె పోలీసు జీపులోంచి.

“పోతే పోనీ తియ్, నువ్వు పైలం!” అన్నాను నేను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. జీపు మూల తిరిగింది. ట్యాంకు నిండి నీళ్లు గోడ మీదుగా కారుతూనే ఉన్నాయి.

ఆమె నా వెనక గదిలో కిరాయికి ఉండే బెంగాలీ మనిషి. మాల్దా నుంచి వచ్చి మడికొండ వైపు కొత్త ఇళ్లకు ఇటుకలు మోసేది. నాలాగే మొగుడు పోయినామె. నాలాగా నోరు లేదు, అదొక్కటే తక్కువ.

ఆ మోటరు నా ఇంట్లో ఉందంటే ఆమె పుణ్యమే. ఎండాకాలంలో ఎవడో దాన్ని ఎత్తుకుపోతే, చూసింది ఆమె ఒక్కతే. స్టేషన్‌కు పోయి చెప్పింది, దొంగ దొరికాడు. మా వాడలోనే పుట్టి పెరిగిన కానిస్టేబుల్ “శభాష్ అక్కా” అని ఆమె ఫోన్ నంబరు రాసుకున్నాడు.

మొన్న వాడే వచ్చాడు. వేరే దేశం నుంచి చాటుగా వచ్చినవాళ్లను పట్టమని పైనుంచి ఆర్డరట. ఆమె ఆధార్ కార్డు చూపితే, ఇవి ఎక్కడైనా చేసిస్తారన్నాడు. నేనిచ్చిన నీళ్ల గ్లాసే ఎత్తి, “యే క్యా హై?” అని అడిగాడు. హిందీలో అడిగాడు కదా అని హిందీలోనే చెప్పింది పాపం, “పానీ.”

“దొరికింది! మన బెంగాల్‌దైతే జల్ అంటది. పానీ అన్నదంటే బంగ్లాదేశే!”

“నీ తెలివికి మన్నువడ! చౌరస్తాల బండికాడ నువ్వు మెక్కేది పానీపూరియా, జల్‌పూరియా?”

“పెద్దమ్మా, జర ఊకో. చెప్పిన పని చేస్తాన.”

“బార్డర్ కాసేటోళ్లకు ఢిల్లోళ్లు జీతాలిస్తలేరా? ఆళ్ల పని నువ్వు చేస్తే మా దొంగలను ఎవడు పట్టాలెరా? నీ ముడ్డి కడిగిన దాన్ని, నాకే కానూన్ చెప్తానవా?”

వాడు తల దించుకున్నాడు గానీ కాగితం తీశాడు. ఇంటి ఓనరుగా నేను వేలిముద్ర వేయాలట. చదివితేగాని కొంగులోంచి వేలు తీయనన్నాను. గొణుక్కుంటూ చదివాడు. ఆమె పరదేశం మనిషని నాకు ముందే తెలుసని ఉంది అందులో!

“రేషన్ షాపు మిషిన్ నా వేలు చూసి నన్నే నేను కాదంటది. గా వేలు పెట్టి ఇంకోదాన్ని పరాయిదంటనా? పో!”

ముద్ర వేయలేదు. అయినా ఆమెను ఎక్కించుకుపోయాడు.

ఇంకా రాలేదు. స్టేషన్‌లో అడిగితే మా చేతుల్లో లేదంటున్నారు. పట్టేటప్పుడు మాత్రం వాళ్ల చేతులే! నిన్న పక్కింటివాళ్ల స్కూటీ పోయింది. చూసినవాళ్లున్నారా అని కానిస్టేబుల్ గడపగడపకూ తిరిగాడు. ఇప్పుడు మా వాడలో ఎవరికీ కళ్లు కనపడవు. నాకూ అంతే.

వాడు తన కాగితంలో ఆ తర్వాత ఏం రాసుకున్నాడో ఏమో. అందుకే నా కాగితం నేను మా చెల్లెలి మనవరాలితో రాయిస్తున్నాను.

“పిల్లా, నా తిట్లు సగం తీసేసి బడి తెలుగు రాస్తానవని నాకెర్కనే. రాసుకో, పర్వాలే. గని ఆమె పరాయిదని యాడన్న రాసినవో, వీపు పలుగుతది. ఏదీ, మొదటికెళ్లి చదువు.”