మస్తాన్ విడుదల పత్రం

1998 జూన్‌లో నన్ను తాడేపల్లి గోడౌన్ నుంచి చిలకలూరిపేట దారిలోని నూలు మిల్లుకి లేబర్ వెల్ఫేర్ ఆఫీసరుగా వేశారు. క్యాంటీను, పనివాళ్ళ ఫిర్యాదులు, ప్రథమ చికిత్స పెట్టెలు నా బాధ్యత. ఉత్తర్వు అడుగున ఇంకొక ముక్క కూడా ఉంది: మిల్లు బాస్కెట్‌బాల్ జట్టుకి మేనేజరు. అప్పటిదాకా నాకు తెలిసిన బంతి భోజనాల బంతి ఒక్కటే. అందులో మాత్రం ఎప్పుడూ మొదటి బంతిలోనే ఉండేవాణ్ణి.

గుంటూరుకీ ఒంగోలుకీ మధ్య ఉన్న ఎనిమిది మిల్లులూ కంపెనీలూ ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక కప్పు కోసం ఆడేవి. ఆటగాడు ఆ కంపెనీలో పనివాడై ఉండాలన్నది నిబంధన. దసరా వెళ్ళాక గుంటూరులో కొత్తవాళ్ళ ఎంపిక జరిగేది. కిందటేడు అట్టడుగున నిలిచిన జట్టు అందరికన్నా ముందు కోరుకోవచ్చు, కప్పు గెలిచిన జట్టు ఆఖర్న. ఓడినవాణ్ణి ఓదార్చే పద్ధతి అది. ఆ ఓదార్పుకి మా జట్టు బాగా అలవాటుపడింది.

ఏ జట్టుకీ చెందనివాణ్ణి ఎవరైనా పిలిచి ఉద్యోగం ఇవ్వొచ్చు. జట్టులో ఉన్నవాణ్ణి ఇంకో జట్టుకి ఇచ్చి మనకి కావలసినవాణ్ణి తెచ్చుకోవాలంటే మాత్రం విడుదల పత్రం కావాలి. దాని మీద జీఎం గారి సంతకం, మేనేజరు సంతకం ఉండాలి. మేనేజరు సంతకం చేసేచోట పైన ఒక వాక్యం అచ్చువేసి ఉండేది: "ఈ ఆటగాడి అవసరం మా జట్టుకు లేదు." ఆటగాడి సంతకానికి ఆ కాగితం మీద చోటే లేదు.

మొదటి ఏడాది నాకొక పాఠం దొరికింది. మా పోటీలు జరిగేది మిరపకాయ కోతలప్పుడు. మా ఆటగాళ్ళలో సగం మంది రైతుబిడ్డలు. కాయ కోతకొచ్చిందంటే షిఫ్టుకే రారు, ఇక ఆటకెక్కడొస్తారు? ఒక మ్యాచికి నలుగురే మిగిలారు. ఐదోవాడిగా క్యాంటీను మాస్టరు దిగాడు. కప్పులు అందించడమే తప్ప కప్పు అందుకోవడం ఎరగని మనిషి. అప్పటినుంచి నా నోటు పుస్తకంలో ఆటగాడి ఎత్తు, వయసు పక్కన ఎకరాలు అని ఒక గడి గీసుకున్నాను. ఎవరొచ్చినా మొదటి ప్రశ్న అదే. "ఎగరమంటాడనుకుంటే ఎకరాలడుగుతాడేంట్రా ఈయన" అని కుర్రాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆ ప్రశ్న నేను అడగని ఆటగాడు ఒక్కడే, మస్తాన్. ఇంటిస్థలం తప్ప సెంటు భూమి లేని దూదేకుల కుటుంబం. ముప్ఫై నాలుగేళ్ళు, మనిషి పొట్టి. నూలు వడికే రింగ్ ఫ్రేముల దగ్గర సైడరుగా చేసేవాడు, అంటే తిరుగుతున్న కదురు మీద తెగిన పోగుని వేళ్ళతో పట్టి అతికే పని. ఆ వేళ్ళే బంతిని ఇవ్వాల్సిన చోటికి ఇచ్చేవి. మిగతావాళ్ళు బంతిని చూస్తే, ఇతను మనుషుల్ని చూసేవాడు. కానీ పదకొండేళ్ళుగా మిల్లులో బద్లీ. పర్మనెంటు మనిషి రానిరోజున అతని బదులు పనిచేసేవాణ్ణి బద్లీ అంటారు. ఇన్ని రోజుల హాజరు పడితే పర్మనెంటు చెయ్యాలని లెక్క ఉంది. మస్తాన్ లెక్క 2001 మార్చి ఆఖరికి నిండుతుంది. ఈలోగా ఇంకో కంపెనీకి పంపితే అంతా మళ్ళీ సున్నా నుంచి.

2000 దసరాకి మేము ఎప్పట్లాగే అట్టడుగున ఉన్నాం, అంచేత తొలి ఎంపిక మాది. జీఎం రామబ్రహ్మం గారి చూపు ఒంగోలు పొగాకు కంపెనీ జట్టులో ఉన్న కోటేశు మీద పడింది. సింగరాయకొండ దగ్గరి కుర్రాడు, ఆరడుగుల నాలుగంగుళాలు. పొడుగుని పొగడటంలో జీఎం గారిని మించినవాళ్ళు లేరు. ఒంగోలు వాళ్ళు అడిగింది మా తొలి ఎంపిక, దాంతోపాటు మస్తాన్. అక్కడ పొగాకు గ్రేడింగ్ నడిచే నాలుగు నెలలే పని.

నేను సంతకం చెయ్యనన్నాను.

"ఏమండీ వెల్ఫేర్ గారూ, ఎవరి వెల్ఫేరండీ మీరు చూసేది? జట్టుదా, మస్తాన్‌దా?" అన్నారు జీఎం గారు.

"అవసరం లేదని రాసుందండీ కాగితం మీద. అది అబద్ధం. అబద్ధానికి సంతకం పెట్టడం నా చేతకాదు" అన్నాను.

చివరికి ఒంగోలు వాళ్ళు మస్తాన్ బదులు మా వచ్చే ఏడాది తొలి ఎంపిక కూడా తీసుకుని కోటేశుని వదిలారు. ఒక్క మస్తాన్‌ని ఉంచుకోవడానికి రెండేళ్ళ పంట ఎదుటివాడి గాదెలో పోశానని మిల్లంతా చెప్పుకుంది. వాళ్ళన్నది తప్పేమీ కాదు.

కోటేశు వచ్చిన రోజే ఎకరాలడిగాను.

"ఆరెకరాలుందండీ, కౌలుకిచ్చేశాం" అన్నాడు.

హమ్మయ్య అనుకుని గడిలో సున్నా చుట్టాను. ఒకడు కౌలుకిస్తే ఇంకొకడెవడో కౌలుకి పుచ్చుకుంటాడన్న ఆలోచన నాకు రాలేదు.

ఆ ఏడు మా జట్టు జట్టులా ఆడింది. మస్తాన్ ఇవ్వడం, కోటేశు వెయ్యడం. మార్చి మొదటివారంలో, మిల్లు చరిత్రలో మొదటిసారి సెమీఫైనల్‌కి వచ్చాం. గుంటూరులో సిమెంటు కోర్టు, మధ్యాహ్నం మూడున్నర. ఎదుట ఒంగోలు జట్టే. సగం ఆటకి ఆరు పాయింట్లు ముందున్నాం. జీఎం గారు లేచి నిలబడి నాకు చెయ్యి ఊపారు కూడా.

విరామంలో మస్తాన్ నీళ్ళు తాగుతూ దక్షిణం కేసి చూశాడు. అతని ఊరున్న పెదనందిపాడు వైపు నల్లటి మబ్బు. చూసేవాళ్ళలో కొందరు అప్పుడే చెప్పులు వెతుక్కుంటున్నారు.

"సార్, నేను పోవాలి."

"ఎక్కడికయ్యా?"

"రెండెకరాలు మిరప వేశాను సార్. కోసిన కాయంతా కల్లంలో ఆరబోసుంది. ఇంటిది ఒక్కత్తే పట్టలు కప్పలేదు."

"నీకు భూమెక్కడిది?"

"కౌలండీ."

"నాకు చెప్పలేదేం?"

"అందర్నీ అడిగారు గానీ నన్ను అడగలేదుగా సార్."

తడిసిన కాయ రంగు పోయి తాలవుతుంది. తాలు కాయ మిర్చి యార్డుకి తీసుకెళ్తే వ్యాపారి చేత్తో కూడా ముట్టుకోడు. ఆ సంగతి మాలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. కోటేశు మాత్రం అరిచాడు: "మస్తానన్నా, ఇంకో ఇరవై నిమిషాలే కదన్నా! ఆ వానేదో ఆగదా?"

"నువ్వు చెప్పి చూడరా, పొడుగ్గా ఉన్నావు, దానికి నువ్వే దగ్గర" అంటూ మస్తాన్ మోపెడ్ ఎక్కాడు. పొమ్మని నేను అనలేదు. ఆగమని కూడా అనలేకపోయాను.

మూడు పాయింట్ల తేడాతో ఓడిపోయాం. కోటేశుకి బంతి అందించేవాడు లేక, రెండుచేతులూ పైకెత్తి మొక్కుకునేవాడిలా నిలబడ్డాడు. కోర్టు మీద ఒక్క చినుకు పడలేదు.

మర్నాడు పొద్దున మస్తాన్ ఎప్పట్లాగే ఆరింటి షిఫ్టుకి వచ్చాడు. నేను ఫ్రేముల దగ్గరికి వెళితే తల వంచుకునే పోగు అతికాడు.

"పెద్ద వానే పడింది సార్. కాయ తడవలేదు" అన్నాడు. క్షమించమని అడగలేదు. అడగనందుకు నాకెందుకో అతనిమీద గౌరవం పెరిగింది.

తొమ్మిదింటికి జీఎం గారి నుంచి పిలుపు. బల్లమీద కొత్త విడుదల పత్రం. సెమీఫైనల్స్ అయ్యాక పదిహేను రోజుల వరకూ మార్పిళ్ళకి గడువుంటుంది, ఒంగోలు వాళ్ళు ఇప్పటికీ మస్తాన్‌ని తీసుకుంటామంటున్నారు. జీఎం గారి సంతకం అప్పటికే పడి ఉంది.

"సగంలో ఆట వదిలేసి పోయినవాడండీ. ఇప్పుడు కూడా అవసరమేనంటారా?"

"అవసరమేనండీ. ఉన్నంతసేపు గెలుస్తున్నాం, పోగానే ఓడాం. ఎంత అవసరమో నిన్న మీరే కళ్ళారా చూశారు."

"వేళాకోళమా?"

"కాదండీ. పోయినందుకు సంజాయిషీ అడగండి, ఒక రోజు జీతం కొయ్యండి, నేనే రాసి తెస్తాను. అవసరం లేదని మాత్రం రాయను. ఎకరాలు అడగాల్సింది నేను, అడగలేదు. ఆ తప్పు నాది."

"అయితే మీ అవసరం కూడా ఇక్కడ ఎంతుందో చూడాలి."

"చూడండి. నన్ను పంపే కాగితం మీద ఎలాగూ నా సంతకం అక్కర్లేదు."

ఈ మాట ఎలా వచ్చిందో నాకే తెలీదు. బల్లమీది పత్రం తీసుకుని బయటికొచ్చాను. పత్రం పదిహేను రోజులూ నా సొరుగులో ఉంది. రెండుసార్లు గుమాస్తా వచ్చి అడిగాడు. రెండుసార్లూ సొరుగు తాళం మీదే చెయ్యి పెట్టుకుని, సంతకం పెట్టలేదన్నాను. గడువు దాటిన సాయంత్రం దాన్ని ఖాళీగానే ఫైలు చేశాను.

మార్చి ఆఖరున మస్తాన్ లెక్క నిండింది. ఏప్రిల్లో పర్మనెంటు టోకెను చేతికొచ్చింది. అదే వారం నాకు మిల్లువాళ్ళదే పత్తి జిన్నింగ్ షెడ్డుకి ఉత్తర్వు వచ్చింది. బద్లీ పర్మనెంటయ్యాడు, పర్మనెంటు బదిలీ అయ్యాడు. అక్కడ ఉన్న ఆరేళ్ళూ దూది పీల్చి దగ్గాను. ప్రమోషను రాలేదు. జట్టు మళ్ళీ సెమీఫైనల్ చూడలేదని విన్నాను. ఎంపికలు రెండూ పోగొట్టినవాణ్ణి కాబట్టి అందులో నా వాటా నేను ఒప్పుకుంటాను. సంతకం విషయంలో మాత్రం ఇవాళ ఆ కాగితం తెచ్చి పెట్టినా చెయ్యను.

ఆ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది ఒకటి ఉంది. మనిషికి ఎంత భూమి ఉందో కాగితాల్లో దొరుకుతుంది, ఎంత భూమి దున్నుతున్నాడో దొరకదు. జిన్నింగ్ షెడ్డులో కొత్తగా చేరిన ప్రతివాడి వివరాలు రాసుకునేటప్పుడు ఎకరాల గడి కొట్టేశాను. "ఈ ఏడు ఏం వేశావు, కల్లం ఎక్కడ?" అని అడిగేవాణ్ణి. భూమి లేదన్నవాణ్ణి రెండుసార్లు అడిగేవాణ్ణి.