పడవ రాకముందే ఎసరు

“కాలవ కట్టేశారత్తా. పడవలు రావు.”

“రాకపోయినా ఎసరు పెట్టు.”

సూరమ్మత్తా నేనూ చివరగా అనుకున్న మాటలు ఇవే. వేసవిలో కాలవ కట్టేస్తే రేవులో బురద తప్ప ఏమీ ఉండదని ఆమెకు తెలియక కాదు. నేను ఎసరు పెట్టి వచ్చేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పిలిస్తే పలకలేదు. ఇన్నేళ్ళ తరవాత, ఇవాళ పొద్దున మా వీధి చివర టీ కొట్టువాడు పొయ్యిలో తడి ఊక పోశాడు. ఆ పొగ నా మంచం దాకా వచ్చి కళ్ళు మండించింది. అప్పట్లో సూరమ్మత్త పాకలోనూ ఇదే పొగ. అందుకే మా చెల్లెలి మనవరాలు లలితను ఎదురుగా కూర్చోబెట్టుకుని చెబుతున్నాను, తను రాస్తోంది. నాకు నా పేరు రాయడం వచ్చు, అంతకుమించి రాదు.

సూరమ్మత్త నాకు చుట్టం కాదు. తెల్లవాళ్ళ దొరతనంలో, ముప్పైల నాటి ఏలూరులో, కాలవ రేవు పక్కన పాక వేసుకుని అన్నం అమ్మేది. కొల్లేటి చేపలతోనూ, గూడెం ఊరి వైపు నుంచి ధాన్యంతోనూ పడవలు వచ్చేవి. భుజాన తాడు వేసుకుని గట్టు మీద నడుస్తూ పడవను లాగే మనుషులు దీపాలు పెట్టిన ఎంతసేపటికో రేవు చేరేవారు. వాళ్ళకు ఆ వేళప్పుడు రెండే వాకిళ్ళు తెరిచి ఉండేవి. ఒకటి సూరమ్మత్త పాక, రెండోది ఎదురుగా కల్లు దుకాణం. నా పెనిమిటి కూడా పడవ లాగేవాడే. ఒక రాత్రి ఆ దుకాణంలో తాగి, రేవు మెట్లు దిగుతూ కాలవలో పడ్డాడు. మర్నాడు కాలవ నీళ్ళు ఆపే లాకు తలుపుల దగ్గర శవమై తేలాడు. నాకు పిల్లాజెల్లా లేరు.

కొన్నాళ్ళకు సూరమ్మత్త దోనె ఎక్కి కొల్లేటిలోని మా లంకకు వచ్చింది. అంతకుముందు ఆమె మొహం నేను ఎరగను. మా అత్తగారి గుమ్మం ముందు నిలబడి, “పిల్లను నాతో పంపండమ్మా. పని నేర్పుతాను. కడుపుకు తక్కువ చెయ్యను” అంది. ఎందుకు వచ్చిందో ఎవరమూ అడగలేదు. తినే నోరు ఒకటి తగ్గుతుందని మావాళ్ళు పంపేశారు.

ఆమె పనిలో ఒక పద్ధతి ఉండేది. పడవ కనిపించాక ఎసరు పెడితే ఊరుకునేది కాదు. పొద్దుండగానే నీళ్ళు మరుగుతూ ఉండాలి. తాగి వచ్చినవాడికి ముందు గంజి, ఆ తరువాతే అన్నం.

“చేప కనపడదేంటత్తా? పులుసులో ములిగిపోయిందా?” అనేవాడు తూలుకుంటూ వచ్చినవాడు.

“నువ్వు కల్లులో ములిగొచ్చావు. నీకెలా కనపడుద్దిరా? ముందా గంజి తాగు.”

నాకు ఒళ్ళు మండేది. ఒకసారి ఉండబట్టలేక, “ఆ దుకాణం వల్లే కదా నా బతుకిలా అయింది. అక్కణ్ణుంచి వచ్చినోళ్ళకి గంజి కాచి మరీ పెడతావేంటత్తా?” అని అడిగేశాను. ఆమె చెయ్యి ఆగింది. “విస్తరెయ్యమ్మా” అంది, అంతే.

ఇంతలో రేవులో ఏవో కొట్లాటలు జరిగాయి. దీపాల వేళ దాటాక రేవులో కల్లు దుకాణమూ అన్నం పాకా రెండూ మూయించాలని మునిసిపాలిటీలో తీర్మానం పెడుతున్నారనీ, చెప్పుకునేదుంటే వచ్చి చెప్పుకోవచ్చనీ టముకు వేశారు. నాకు లోపల సంతోషమే కలిగింది. కానీ రాత్రి లైసెన్సు పోతే సూరమ్మత్త గతేమిటి? పగలు ఆ రేవులో తినేవాడెవడు?

కల్లు దుకాణం కాంట్రాక్టరు వీరన్న ఎన్నడూ లేనిది మా పాకకు వచ్చి బల్ల మీద కూర్చున్నాడు.

“రేవులో కష్టజీవులకు రెండూ ఉండాలని నువ్వొచ్చి ఒక్కమాట చెప్పు సూరమ్మా. కౌన్సిలర్లతో నేను మాట్లాడాను. ఉంటే ఇద్దరం ఉంటాం, పోతే ఇద్దరం పోతాం.”

“వస్తానండి. నాకు తెలిసింది చెబుతాను” అంది ఆమె.

సభకు నన్నూ వెంట తీసుకెళ్ళింది. కుర్చీల్లో పెద్దలు, గుమ్మం దగ్గర మేము. వీరన్న గోడవారన నిలబడ్డాడు. చైర్మన్ గారు, “కల్లు దుకాణం మూయమంటావా, ఉంచమంటావా?” అని అడిగారు.

“మూసెయ్యండి బాబూ.”

వీరన్న గట్టిగా దగ్గాడు. చైర్మన్ గారు నవ్వి, “మరి నీ పాక మాత్రం ఉంచాలంటావు” అన్నారు.

“నాది మూస్తే ఏమవుద్దో నాకు తెలుసండి. ఒక రాత్రి మూశాను. ఈ పిల్ల పెనిమిటి పోయిన రాత్రి. నాకు జ్వరమొచ్చి పొయ్యి వెలిగించలేదండి. ఆ అబ్బాయి వచ్చి తడిక తట్టాడు. అన్నముందా అత్తా అన్నాడు. లేదు పొమ్మన్నాను. లేచి ఇంత గంజి కాస్తే చచ్చిపోయేదాన్ని కాదు. పొద్దుట్నుంచీ తాడు లాగినోడండి. ఎదురుగా దుకాణం తెరిచే ఉంది. అటెళ్ళాడు.”

ఆమె నా వైపు చూడలేదు. నేను తల వంచుకుని నా కాలి వేళ్ళు చూసుకుంటూ నిలబడ్డాను.

పెద్దలు తమలో తాము మాట్లాడుకుని తేల్చారు. కల్లు దుకాణం దీపాల వేళకు మూయాలి. సూరమ్మత్త ఆఖరి పడవ వచ్చేదాకా ఉండవచ్చు, కానీ తాగినవాడికి అన్నం పెట్టకూడదు.

“నోరు వాసన చూసి అన్నం పెట్టడం నాకు చేతకాదండి” అంది ఆమె.

“అయితే రాత్రి లైసెన్సు లేదు.”

“చిత్తమండి.”

దారి పొడుగునా నేను నాలుగడుగులు వెనకే నడిచాను. పాకలోకి వచ్చాక ఆమె పొయ్యి ముందు చతికిలబడి, “లంకకు వెళ్ళిపోతావా అమ్మాయ్?” అంది. కోపం రాలేదని చెప్పను. ఆ రాత్రి ఈ మనిషి లేచి ఉంటే అనుకున్నాను. ఇప్పటికీ ఒక్కోసారి అనుకుంటాను. అప్పుడే గట్టు మీద తాడు లాగేవాళ్ళ కేకలు దూరంగా వినిపించాయి. పాక ఇంకా మూసే వేళ కాలేదు. నేను లేచి ఎసరు పెట్టాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ మర్నాటి నుంచి పొద్దుండగానే వండి, కొల్లేటి తామరాకుల్లో అన్నం పొట్లాలు కట్టి లాకు అరుగు మీద పెట్టేవాళ్ళం. పడవవాళ్ళు రాత్రి వచ్చి తిని, పొద్దున పోతూ పోతూ ఇచ్చేది ఇచ్చేవారు. అది అమ్మకమో కాదో మునిసిపాలిటీవాళ్ళు అడగలేదు, మేము చెప్పలేదు. ఆమె పోయేదాకా అలాగే గడిచింది.

ఇప్పుడు ఆ పడవలూ లేవు, ఆ రేవూ లేదు. పొద్దు వాలగానే నేను మాత్రం గిన్నెడు నీళ్ళు పొయ్యి మీద పెడతాను. “ఎవరొస్తారని అమ్మమ్మా?” అంటుంది లలిత. తలుపు తట్టాక పెడితే ఆలస్యమవుతుందే పిల్లా.

ఇక కలం పక్కన పెట్టు. సభలో ఆమె చెప్పింది ఉంది చూడు, అక్కణ్ణుంచి చదువు. ఆ రోజు ఆమె మొహం చూడకుండా విన్నాను. చదువమ్మా, మెల్లిగా.